మొక్కే దేవుణ్ని బట్టి హక్కులా?

కోస్తా జిల్లాల్లోని చాలా దళితవాడల్లో ఒకే మనిషికి రెండు పేర్లుంటాయి. బడి రికార్డులో వెంకటేశ్వర్లు, చర్చిలో యోహాను. ఆదివారం ప్రార్థనకు వెళ్లేదీ, బిడ్డకు బాప్తిస్మం ఇప్పించేదీ యోహాను. కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టేది వెంకటేశ్వర్లు. విచారణకు ఎవరో వస్తున్నారని తెలిస్తే గోడకున్న సిలువ బొమ్మ క్యాలెండరు తీసి పెట్టెలో దాచే ఇళ్లున్నాయి. వీళ్లను దొంగ సర్టిఫికెట్ల వాళ్లని తిట్టిపోయడం తేలిక. ఇంట్లో కూడా దేవుణ్ని దాచుకోవాల్సిన గతి వాళ్లకు పట్టించింది మన చట్టమే.

నచ్చిన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950లోనే రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, మూడో పేరాలో, హిందువు కానివారు ఎస్సీ కారని తేల్చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఏడున్నర దశాబ్దాలు దాటినా బయటే నిలబడి ఉన్నారు. గిరిజనులకు ఈ షరతు లేదు. ఎస్టీ ఏ మతంలో ఉన్నా ఎస్టీయే. స్వేచ్ఛ ఉందని చెప్పి, దాన్ని వాడుకున్నవాడి హక్కులు లాక్కుంటే ఆ స్వేచ్ఛకు అర్థమేముంది?

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఒక పాస్టరు ఫిర్యాదు చేశారు. క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి, చేతిలో ఎస్సీ ధ్రువపత్రం ఉన్నా, ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని కోర్టు ఆ కేసు కొట్టేసింది. న్యాయమూర్తి ముందున్న చట్టం అలా ఉంది. కాబట్టి నిలదీయాల్సింది చట్టాన్నే. కులం పేరు పెట్టి తిట్టేవాడు ముందు మతం కనుక్కుని తిడతాడా? 1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద పడి ఆరుగురి ప్రాణాలు తీసినవాళ్లు, ఎవరు గుడికి వెళతారు, ఎవరు చర్చికి వెళతారు అని ఆరా తీయలేదు.

గుర్రం జాషువా క్రైస్తవ కవి. ఆ మతం ఆయనను అంటరానితనం నుంచి కాపాడలేకపోయింది. 'గబ్బిలం'లో ఒక అరుంధతీయుడి గోడును కాశీ విశ్వనాథుడికి పంపిన ఆ చేత్తోనే ఆయన 'క్రీస్తు చరిత్ర' రాశారు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. శివుడికీ క్రీస్తుకూ నడుమ ఆ మహాకవికి కనబడని అడ్డుగోడ మన ప్రభుత్వాలకు మాత్రం కనబడుతోంది.

ఈ చర్చ ఎప్పుడు మొదలైనా, తిండికీ డబ్బుకూ ఆశపడి మారినవాళ్లకు హక్కులేమిటనే మాట వినిపిస్తుంది. ఒంగోలు చరిత్ర చూడండి. 1876-78 నాటి ఘోర కరవులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. కరవు పనులు ముగిశాక, పంచడానికి ఇక గింజ కూడా లేదని చెప్పాక కూడా జనం తగ్గలేదు. 1878 జులైలో ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని సమాజంలో, పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పే చోటు వెతుక్కున్న మనుషుల నిర్ణయమది. దాన్ని గుప్పెడు గింజలకు కుదించడం వాళ్ల బుద్ధినీ ఆత్మగౌరవాన్నీ అవమానించడమే. ఎక్కడైనా మోసంతోనో బెదిరింపుతోనో మతం మారిస్తే ఆ పని చేసినవాణ్ని శిక్షించాలి. ఎదుటివారి దేవుళ్లను దూషించే బోధకులనూ మేం సమర్థించం. వాళ్ల తప్పుకు మూడు, నాలుగు తరాల కింద మారిన కుటుంబాల బిడ్డలు మూల్యం చెల్లించడం మాత్రం అన్యాయం.

చట్టంలోనే ఇంకో వింత ఉంది. క్రైస్తవంలోంచి తిరిగి హిందూమతంలోకి వచ్చిన వ్యక్తిని ఆ కులంవాళ్లు అంగీకరిస్తే అతని ఎస్సీ హోదా మళ్లీ వస్తుందని 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో మతం మారింది తాతల కాలంలో. రెండు తరాల తర్వాత కూడా తిరిగొచ్చేంత గట్టిదైతే, ఆ కులం మధ్యలో ఎక్కడికి పోయినట్టు? చర్చి గడప దాటగానే కులం పోతుందన్న వాదన ఇక్కడే కూలిపోతోంది.

ఉన్న కోటాలో మరికొందరు వాటాకు వస్తారన్న హిందూ దళితుల భయాన్ని తేలిగ్గా తీసేయలేం. ఆ భయానికి విరుగుడు ఉంది. ఎస్సీల వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025లో తెలంగాణ ఎస్సీలను మూడు గ్రూపులు చేసి అమలులో పెట్టింది. కొత్తగా వచ్చేవారిని జనాభా లెక్కన ప్రత్యేక గ్రూపులో ఉంచవచ్చు. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులను బీసీ-సీలో పడేసి ఇస్తున్నది ఒక్క శాతం. అట్రాసిటీ చట్టం రక్షణ అందులో లేదు.

చర్చీలకూ ఒక మాట చెప్పాలి. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి, అగ్రకులాల పెత్తనంలో మరో చర్చి నడుస్తున్నంతకాలం, మా మతంలో కులం లేదని వేదికలెక్కి చెప్పడం మానుకోవాలి. ఆ మాటే దళిత క్రైస్తవుల మెడకు చుట్టుకుంటోంది.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో ముడి తెంచమని సిఫారసు చేసింది. ఆ మతం షరతును సవాలు చేస్తూ 2004లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం ఇరవై ఏళ్లు దాటినా తేలలేదు. ఇదే విషయం పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి దాని గడువు పొడిగిస్తూ వచ్చింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి పంపింది. 1956లో నాగపూర్‌లో అంబేడ్కర్ వెంట బౌద్ధం స్వీకరించినవాళ్లు ఎస్సీ హోదా కోసం 34 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఇంకో తరాన్ని అలా ఆపడానికి ఏ సాకూ మిగల్లేదు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పార్లమెంటు మామూలు చట్టంతో మూడో పేరాను తొలగించవచ్చు. ఆ బిల్లు పెట్టమని రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు, ఏ పార్టీవారైనా, కేంద్రాన్ని నిలదీయాలి.