తిరిగొచ్చిన చదువే మన చదువు

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదులో బయలుదేరి హౌరా దాకా పోతుంది. పేరు మనదే గాని, ఆ రైలు ఎక్కాలంటే ఫలక్‌నుమా వాళ్ళు సికింద్రాబాదుకు పోవలసిందే. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ విదేశీ చదువుల విషయంలోనూ మన పరిస్థితి ఇదే కాదా? కొండమీది మహలు 2010లో హోటలుగా మారాక దేశదేశాల అతిథులు అక్కడికి వచ్చి పోతున్నారు. కొండ కింది గల్లీల్లో ఉన్న మన పిల్లలకు మాత్రం, ఖర్చులు పెట్టి మరీ చదువుకు పిలిచే కార్యక్రమాలు లోకంలో ఉన్నాయన్న సంగతే తెలియదు.

పరదేశం అన్న మాట మనకు కొత్త కాదు. జిద్దా, రియాద్, దుబాయ్, షికాగో పేర్లు మన ఇళ్ళలో వాడుక మాటలు. అబ్బా పంపిన డబ్బుతో ఇల్లు లేచింది, చెల్లెలి పెళ్ళి అయింది, తమ్ముడి ఫీజు కట్టారు. ఆ చెమటను మేము తక్కువ చేయడం లేదు. కానీ పరదేశం అంటే సంపాదన ఒక్కటే అన్న లెక్క మనలో పాతుకుపోయింది. చదువు కోసం పోయే పిల్లవాడిని కూడా "అక్కడ నౌకరీ దొరుకుతుందా? అక్కడే ఉండిపోవచ్చునా?" అనే అడుగుతున్నాం. ఇల్లు కుదువపెట్టి, ఏజెంటు చెప్పిన కాలేజీకి పంపి, అప్పు తీరేదాకా రాత్రిళ్ళు నిద్ర లేకుండా గడిపే తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు.

ఇంకో తోవ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం విదేశాల్లో వదిలిన సామాన్లు అమ్మగా వచ్చే డబ్బును చదువుల మార్పిడికి వాడాలని ఫుల్‌బ్రైట్ అనే సెనేటరు ప్రతిపాదించారు. 1946లో అది చట్టమైంది. 1950లో భారతదేశం, పాకిస్తాన్ రెండూ ఆ ఒప్పందంలో చేరాయి. ఎంపికైనవారి ఫీజు, ప్రయాణం, తిండి, బస ఖర్చులు కార్యక్రమమే భరిస్తుంది. దానికో షరతు ఉంది. చదువు పూర్తయ్యాక స్వదేశానికి తిరిగి రావాలి. రెండేళ్ళు స్వదేశంలో గడిపిన తర్వాతే అమెరికాలో స్థిరపడే వీసా అడగడానికి వీలుంటుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్పుకూ రెండేళ్ళ తిరుగురాక షరతు ఉంది. మన వాళ్ళు చాలామంది ఈ షరతు విని వెనక్కి తగ్గుతారు. మాకు మాత్రం ఆ షరతులోనే ఈ కార్యక్రమాల విలువంతా ఉందనిపిస్తుంది.

ఎందుకంటే, పొరుగుదేశపు ఒక పెద్దమనిషి కథ చూడండి. అఖ్తర్ హమీద్ ఖాన్ 1914లో ఆగ్రాలో పుట్టారు. కేంబ్రిడ్జిలో శిక్షణ పొంది ఐసీఎస్ అధికారి అయ్యారు. 1943 బెంగాల్ కరవు చూశాక ఆ కొలువు ఆయనకు సహించలేదు. రాజీనామా చేసి అలీగఢ్ దగ్గరి ఒక పల్లెలో తాళాలు చేసే పని నేర్చుకున్నారు. తర్వాత ఢిల్లీలోని జామియా మిల్లియాలో పాఠాలు చెప్పారు. 1950లో పాకిస్తాన్ వెళ్ళారు. 1958లో గ్రామాభివృద్ధి శిక్షణ కోసం ఆయన్ను అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి పంపారు. మరుసటి ఏడు తిరిగివచ్చి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కొమిల్లాలో గ్రామాభివృద్ధి అకాడమీకి మొదటి డైరెక్టరయ్యారు.

అక్కడ ఆయన పెద్ద పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చోలేదు. ఊరివాళ్ళు తమలో ఒక రైతును ఎన్నుకోవాలి. ఆ రైతు వారానికోసారి శిక్షణ కేంద్రానికి వచ్చి, కొత్త సంగతి నేర్చుకుని, తిరిగి ఊరికి పోయి మిగతావారికి చెప్పాలి. అమెరికా పోయి వచ్చిన మనిషి, పోయి నేర్చుకుని వచ్చి చెప్పే ఆ పద్ధతినే పల్లె రైతు దాకా తెచ్చారన్నమాట. 1963లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

ఆయన చేసిన రెండో పని మన పాతబస్తీకి ఇంకా దగ్గరిది. 1980లో కరాచీలోని ఒరంగీ అనే పేదల బస్తీలో ఆయన పని మొదలుపెట్టారు. మురుగు వీధిలోనే పారేది. ప్రభుత్వం వచ్చి కాలువ కడుతుందని జనం ఎదురు చూస్తూ ఉండేవారు. ఒక గల్లీలోని ఇళ్ళవాళ్ళంతా కూర్చుని ఒక మేనేజరును ఎన్నుకోండి, మీ గల్లీ పైపులు మీరే వేసుకోండి, నక్షా, కొలతలు, పనిముట్లు మేమిస్తాం అన్నారాయన. గల్లీ లోపలి పని జనానిది, బయటి పెద్ద కాలువ పని ప్రభుత్వానిది అని హద్దు గీశారు. కాంట్రాక్టరు చేతికి పోయే దానిలో కొద్ది భాగం ఖర్చుతోనే పని అయింది. ఒక గల్లీని చూసి ఇంకో గల్లీ, అలా వేలాది గల్లీల్లో మురుగు భూమిలోకి దిగింది.

ఆ కాలపు తూర్పు పాకిస్తాన్ నుంచే మహమ్మద్ యూనుస్ 1965లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పుతో అమెరికా వెళ్ళారు. అర్థశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. బంగ్లాదేశ్ ఏర్పడిన తర్వాత 1972లో వెనక్కి వచ్చి చిట్టగాంగ్‌లో పాఠాలు చెప్పారు. 1976లో యూనివర్సిటీ పక్కనున్న జోబ్రా గ్రామంలో 42 మంది పేదలకు తన జేబులోంచి 27 డాలర్లు అప్పిచ్చారు. గ్రామీణ బ్యాంకుకు విత్తనం అదే. 2006లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆయన అక్కడే ప్రొఫెసరుగా ఉండిపోయి ఉంటే హాయిగా బతికేవారు. జోబ్రా ఆడవాళ్ళు మాత్రం వడ్డీ వ్యాపారి ముంగిట్లోనే ఉండిపోయేవారు.

పాకిస్తాన్ వాళ్ళ సంగతి మనకెందుకు అని కొందరు అనవచ్చు. ఆ దేశ రాజకీయం మనకు అక్కర లేదు. కానీ మంచి పని ఎక్కడ జరిగినా నేర్చుకోవచ్చు. పైగా ఈ కథలో మన హైదరాబాదు కూడా ఉంది. అఖ్తర్ హమీద్ ఖాన్ పాఠాలు చెప్పిన జామియాను ఆ రోజుల్లో నడిపినవారు డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన 1897లో హైదరాబాదులో పుట్టారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రం చదివి డాక్టరేటు తీసుకున్నారు. 1926లో తిరిగి వచ్చేసరికి జామియా మూతపడే స్థితిలో ఉంది. ఆయన దాన్ని నిలబెట్టారు. 1967లో రాష్ట్రపతి అయ్యారు.

ఉస్మానియాలో చదివిన రజీయుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జికి, అక్కడినుంచి జర్మనీలోని లైప్జిగ్‌కు పోయి హైజెన్‌బర్గ్ వంటి మహా శాస్త్రవేత్త దగ్గర చదివారు. తిరిగి వచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించారు. ఆ రోజుల్లో అక్కడ బోధన ఉర్దూలో సాగేది. ఐరోపాలో పుట్టిన కొత్త భౌతికశాస్త్రం ఎక్కడో ఆగిపోకుండా మన నగరం దాకా వచ్చింది. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్ళారు. ఇస్లామాబాద్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. ఉస్మానియా విద్యార్థే అయిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా జర్మనీలోని బాన్‌లో, పారిస్‌లోని సోర్బాన్‌లో డాక్టరేట్లు తీసుకుని వచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించారు. 1948 తర్వాత పారిస్‌లోనే ఉండిపోయారు. 1959లో వెలువడిన ఆయన ఫ్రెంచి ఖుర్ఆన్ అనువాదం లోకప్రసిద్ధం.

ఆడపిల్లల మాటకొస్తే, 1895లోనే పదహారేళ్ళ సరోజినీ నాయుడు నిజాం ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో ఇంగ్లాండు వెళ్ళారు. ఆనాటి ప్రధానమంత్రి వికారుల్ ఉమ్రా. మన ఫలక్‌నుమా మహలు కట్టించింది ఆయనే. ఆ మహలు నీడలో ఉన్న మనం నూటపాతికేళ్ళు దాటాక కూడా "ఆడపిల్లను అంత దూరమా?" అంటున్నాం. దూరం గురించి తల్లికి ఉండే బెంగను మేము ఎగతాళి చేయం. ఎక్కడ ఉంటుంది, ఎవరు తోడు, ఆరోగ్యం చెడితే ఎవరు చూస్తారు అన్నవి అడగవలసిన ప్రశ్నలే. వాటికి సరైన జవాబు ఏజెంటు దగ్గర దొరకదు. ఒకసారి పోయి వచ్చిన మన గల్లీ పిల్ల దగ్గరే దొరుకుతుంది.

2020 అక్టోబరు వానలను ఎవరం మరిచిపోలేదు. ఫలక్‌నుమాలోని అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. చెరువుల నీరు ఇళ్ళలోకి వచ్చింది. జీవితమంతా కూడబెట్టిన సామాన్లు బురదపాలయ్యాయి. జుబైల్ అంటే సౌదీలో సముద్రతీరాన ఉన్న పెద్ద పారిశ్రామిక పట్టణం. గల్ఫు నుంచి డబ్బు వచ్చింది, అక్కడి పేరు కూడా వచ్చింది. నీరు ఎటు పారుతుంది, నాలా ఎంత వెడల్పు ఉండాలి, చెరువు శిఖంలో ఇల్లు కట్టవచ్చునా అని చెప్పే చదువు మాత్రం ఇంకా రావలసే ఉంది. తప్పు కాలనీవాళ్ళది ఒక్కటే అని మేము అనడం లేదు. పెద్ద నాలా ప్రభుత్వం బాధ్యతే. కానీ ఆ నాలా గురించి అధికారి ముందు కూర్చుని కొలతలతో సహా అడగగల ఇంజనీరు ప్రతి బస్తీకీ ఒకరు కావాలి కదా!

తిరిగొచ్చి ఏం చేస్తారు, ఇక్కడ నౌకరీ ఎక్కడుంది అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే తిరిగొచ్చినవారికి గౌరవం, పని చూపించే బాధ్యత మన సంస్థలది, మన కాలేజీలది. రెండేళ్ళు ఉండి మళ్ళీ పోయినా తప్పు లేదు. ఆ రెండేళ్ళలో పదిమందికి తోవ చూపితే చాలు. పాకిస్తాన్‌లో అమెరికా కార్యక్రమాలకు పోయి వచ్చినవారు ఒక సంఘంగా ఏర్పడి ప్రాంతాలవారీగా శాఖలు పెట్టుకున్నారు. మనకు అలాంటి పెద్ద సంఘం అక్కర లేదు. ఒక గది, వారానికి ఒక గంట చాలు.

జుమా నమాజు తర్వాత మన మసీదు పక్క గదిలోనో, షాదీఖానాలోనో, ఫలక్‌నుమా డిగ్రీ కాలేజీలోనో ఆ గంట పెట్టుకోవచ్చు. పోయి వచ్చిన టీచరు, డాక్టరు, ఇంజనీరు ఎవరైనా సరే అక్కడ కూర్చుని దరఖాస్తు ఎలా రాయాలో, ఏ నెలలో పంపాలో, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో చెప్పాలి. ఫుల్‌బ్రైట్ మాస్టర్స్‌కు డిగ్రీ తర్వాత మూడేళ్ళు, చీవ్‌నింగ్‌కు రెండేళ్ళు ఉద్యోగానుభవం కావాలని చెప్పాలి. అంటే డిగ్రీ కాగానే నిరాశపడనక్కరలేదు, బడిలో పాఠాలు చెబుతున్న మన అమ్మాయికీ తోవ ఉంది. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు తెలంగాణ ప్రభుత్వం 2015లో పథకం తెచ్చిందని, కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ 2022-23 నుంచి ఆగిపోయిందని కూడా చెప్పాలి. ఇల్లు కుదువపెట్టే ముందు ఈ సంగతులు తెలిస్తే ఎన్ని ఇళ్ళు నిలుస్తాయో!

విమానాశ్రయంలో పూలదండ వేసి పంపడం మనకు బాగా వచ్చు. ఇకమీదట పంపేటప్పుడే ఒక మాట తీసుకుందాం. "బేటా, బేటీ, ఏం నేర్చుకున్నావో వచ్చి మన గల్లీకి చెప్పు" అని.