తెర లేచే వేళకు మనం అక్కడ ఉండాలి

ఐటీ కారిడార్‌లో కొలువు చేస్తూ, ఇక్కడే ఇల్లు కొనుక్కుని, ఇక్కడే పిల్లల్ని పెంచుకుంటున్న మిత్రులారా,

వేపచెట్లు పూతకొచ్చాయి. కూకట్‌పల్లి రైతుబజారులో పుల్లమామిడి కుప్పలు పోశారు. ఉగాది వస్తోంది, వెనకే శ్రీరామనవమి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ తర్వాత రెండు రోజులకే, ఏప్రిల్ 18న, ప్రపంచ వారసత్వ దినోత్సవం. కొద్ది వారాల్లో ఇన్ని పిలుపులు! వీటిలో ఎన్నింటికి మనం లేచి వెళ్తాం? ఈ ఉగాదికి నేను మీ ముందు పెడుతున్న ప్రశ్న ఇదొక్కటే.

ముందు మనం నిలబడ్డ నేలను గుర్తు చేసుకుందాం. ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించింది 1998 నవంబరులో. దానికి కూతవేటు దూరంలోని శిల్పారామం మొదలైంది 1992లో. అంటే మాదాపూర్ రాళ్లగుట్టల మధ్యకు కంప్యూటరు కంటే ముందే చేతిపనిని పిలిచారు. ఇంకా వెనక్కి పోతే, లింగంపల్లి దాటి వెళ్తే తగిలే పటాన్‌చెరు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో ఆ ఊరి అధికారి అమీన్‌ఖాన్‌కు పొన్నగంటి తెలగన తన ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యం అది. ఇబ్రహీం కుతుబ్‌షానైతే తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన సమాధి గచ్చిబౌలి నుంచి అరగంట ప్రయాణం. పారసీ నడిచిన దర్బారుల్లో ప్రభువులు చెవి ఒగ్గి విన్నారు కాబట్టి ఆ తెలుగు కావ్యాలు పుట్టాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మనమే వినకపోతే ఇంకెవరు వింటారు?

వినేవాళ్లు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. శిల్పారామంలో చేర్యాల బొమ్మలు అమ్మే చోట ఒక్క పది నిమిషాలు ఆగండి. ఖద్దరు గుడ్డకు గంజి పెట్టి, సుద్దమట్టిలో చింతగింజల అంబలి, బంక కలిపి పట్టించి, ఆరబెట్టి, దానిమీద ఎర్రటి రంగు పరిచి కథ గీస్తారు నకాషీలు. ఇవాళ మనం గోడకు తగిలించుకునే ఆ చిన్న బొమ్మ ఒకప్పుడు గజాల పొడవున్న పటం. మందహెచ్చులవారు గొల్లల ఇళ్లముందు ఆ పటం విప్పి కాటమరాజు కథ చెప్పేవారు. కాకిపడగలవారు ముదిరాజుల వాడల్లో పాండవుల కథ పాడేవారు. ఒక్క కథకు రాత్రుళ్లు చాలేవి కావు. తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, వినేవాళ్లు తగ్గారు. వినేవాళ్లు తగ్గాక చెప్పేవాళ్లు వేరే పనులకు పోయారు. చెప్పేవాళ్లే లేకపోతే కొత్త పటం గీయించుకునేదెవరు? అంత విద్యా చివరికి కొద్ది కుటుంబాల చేతుల్లో మిగిలింది. కుంచె పట్టినవాడి చెయ్యి వణికి ఆ కళ తగ్గలేదు. ఊళ్లో కథ వింటున్న ఒక మనిషి మధ్యలో లేచి ఇంటికి వెళ్లిపోవడంతో అది మొదలైంది.

అదే ముప్పు ఇప్పుడు మన పొరుగింటి గుమ్మంలో నిలబడి ఉంది. మనం రోజూ ఆఫీసుకు వెళ్లే దారికి దగ్గర్లోనే, శేరిలింగంపల్లిలో, సురభి కాలనీ ఉంది. ఆ పేరు చాలామంది బోర్డు మీద చదివి ఉంటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి కుటుంబం ‘కీచక వధ’ ఆడింది. అంతవరకు తోలుబొమ్మలాడించిన వంశం వారిది. బొమ్మల వెనక నిలబడి గొంతు ఇచ్చిన మనుషులు ఆనాడు తామే వేషం కట్టి ముందుకొచ్చారు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో తమ ఇంటి ఆడవాళ్లను రంగస్థలం ఎక్కించారు. పొత్తిళ్లలో బిడ్డ చిన్నికృష్ణుడైతే, కన్నతల్లే యశోద అవుతుంది. ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలుగా ఊరూరా తిరిగి, పందిళ్లు వేసి, నెలల తరబడి ఆడిన సురభి, ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేన్ని సమాజాలకు చేరింది. సురభి బాబ్జీగా పేరొందిన నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. ఆ దీపం ఆరకుండా అరచేతులు అడ్డం పెట్టి ఆడుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

మా అబ్బాయిని తీసుకుని సురభివారి ‘మాయాబజార్’ చూడటానికి వెళ్లిన సాయంత్రం నేను మరచిపోలేను. ఘటోత్కచుడు పెళ్లి భోజనం ముందు కూర్చున్నాడు. పళ్లెంలోని లడ్డూలు వాటంతటవే లేచి ఆయన నోట్లోకి వెళ్తున్నాయి. రోజంతా ఫోన్‌లో యుద్ధాలు చేసే మా తొమ్మిదేళ్లవాడు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. “ఎలా నాన్నా?” అన్నాడు. ఒక దారం, కాస్త చీకటి, వింగ్‌లో నిలబడి ఆ దారం లాగే మనిషి, ఆ మనిషికి తండ్రి నేర్పిన ఒడుపు. అంతే. పద్యం ముగించి రాగం తీస్తుంటే వెనక వరసలోంచి ఒక పెద్దాయన “వన్స్‌మోర్” అని కేక వేశారు. ఆ ఒక్క కేకకు నటుడి మొహం వెలిగిపోయింది. మళ్లీ ఎత్తుకుని, మొదటిసారి కంటే పై స్థాయిలో పాడాడు.

నాటకం అయ్యాక మావాడు లోపలికి వెళ్దామని పట్టుబట్టాడు. కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్న నటుడొకరు వాణ్ని దగ్గరికి పిలిచి, తెరకున్న చిన్న కంత చూపించారు. “తెర లేచేముందు ఇందులోంచి చూస్తాం బాబూ, ఎంతమంది వచ్చారా అని” అన్నారు. మావాడు కంతకు కన్ను ఆనించాడు. “అన్నీ ఖాళీ కుర్చీలే నాన్నా” అన్నాడు. ఆట అయిపోయింది కదా, అందరూ వెళ్లిపోయారని చెప్పాను. వాడికి చెప్పని మాట మీకు చెబుతున్నాను. ఆ సాయంత్రం మొదటి గంట కొట్టినప్పటి నుంచీ సగానికి పైగా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అయినా లడ్డూ ఒక్కటి గురి తప్పలేదు. పద్యం ఒక్కటి కుదించలేదు. వాళ్లు తమ పని పూర్తిగా చేశారు. పూర్తి చేయనిది మనం.

మిత్రులారా, ఈ వసంతంలో మన పని కుర్చీలో కూర్చోవడం. ఇంత చిన్న పనిని కర్తవ్యం అంటారా అని అడగకండి. చేర్యాల పటం చెప్పిన పాఠం ఇదే. సురభివారు ఎప్పుడు, ఎక్కడ ఆడుతున్నారో కనుక్కోండి. టిక్కెట్టు కొనండి. ఉచిత పాసుల కోసం ఫోన్లు చేయొద్దు. నలుగురు వెళ్లేచోట పదిమంది వెళ్లండి. చివరిదాకా కూర్చోండి. పద్యం నచ్చితే గొంతెత్తి “వన్స్‌మోర్” అనండి.

దారి దూరమని వెనకాడొద్దు. హైటెక్‌సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే రవీంద్రభారతి ఎదురుగానే ఉంటుంది. ఠాగూర్ శతజయంతి ఏడాది, 1961లో, మన పెద్దలు కట్టించి ఇచ్చిన సభాభవనం అది. ఆ పక్కనే పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణం. సినిమా వేడుకలకు మనం కిక్కిరిసే శిల్పకళావేదిక మాదాపూర్‌లోనే ఉంది. దాని పొరుగున శిల్పారామం ఆరుబయటి వేదిక మీద వారాంతాల్లో గజ్జెకట్టే పిల్లలున్నారు. శోభారాజుగారు నిలబెట్టిన అన్నమయ్యపురంలో శనివారం సాయంత్రాలు కీర్తనలు వినిపిస్తాయి. అదీ మాదాపూర్‌లోనే. ఇబ్రహీం బాగ్‌లో కుతుబ్‌షాహీ సమాధులను ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి ఏళ్ల తరబడి, రాయీ సున్నమూ పాత పద్ధతిలోనే పేర్చి బాగుచేసింది. అక్కడి మెట్లబావులకు 2022లో యునెస్కో పురస్కారం దక్కింది. ఏప్రిల్ ఎండ ముదరకముందే ఒక ఉదయం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, మల్కిభరాముడి కథ అక్కడే, ఆ గుమ్మటం నీడనే, మీ నోటితో చెప్పండి.

ఇక నవమి పందిరి మాట. మన ఊళ్లలో నవమి పందిరి అంటే పానకం, వడపప్పుతో ముగిసేది కాదు. తొమ్మిది రాత్రులూ ఆ పందిట్లో హరికథ, బుర్రకథ, నాటకం నడిచేవి. ఆదిభట్ల నారాయణదాసుగారు కాలికి గజ్జె, చేత చిడతలతో ఒంటిచేతి మీదుగా ఒక మహా నాటకశాలను నడిపించిన విద్య హరికథ. ఇవాళ మన అపార్టుమెంట్లలో సీతారాముల కల్యాణం వైభవంగానే చేస్తున్నాం. కానీ సాయంత్రం కాగానే పెద్ద స్పీకర్లు వచ్చి కూర్చుంటున్నాయి. అసోసియేషన్ పెద్దలకు నా విన్నపం: ఈ నవమికి ఒక్క రాత్రి హరికథకు ఇవ్వండి. భాగవతారిణి పాడుతుంటే మన భాష రాని పొరుగువాళ్లను, ఒడిశా నుంచి, కేరళ నుంచి, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లను, ముందు వరసలో కూర్చోబెట్టి కథ చెవిలో చెప్పండి. శాలువా కప్పి, ఫొటో దిగి, కళాకారిణిని ఆటో ఎక్కించి పంపేయొద్దు. ఆమె విద్యకు తగిన సంభావన ముందే మాట్లాడి, చేతిలో పెట్టి, భోజనం పెట్టి, ఇంటిదాకా దింపి రండి. శాలువాతో ఎవరి ఇల్లూ గడవదు.

తీరిక లేదంటారా? ఉప్పల్‌లో ఐపీఎల్ టిక్కెట్ల కోసం మనం గడియారం చూసుకుని కూర్చుంటాం. అభిమాన హీరో సినిమాకు తెల్లవారుజామునే బయల్దేరుతాం. అందులో తప్పేమీ లేదు. ఆ ఉత్సాహమే మన సంపద. అందులో ఒక్క పాలు ఇటు మళ్లించమని అడుగుతున్నాను. పిల్లలకు తెలుగు పద్యం అర్థం కాదంటారా? ఎగిరే లడ్డూ వాళ్లకు అర్థమైంది. పద్యం ఆ వెనకే వస్తుంది. మనవల్ల ఏమవుతుందంటారా? బతుకమ్మను గాజుమేడల ముంగిళ్లలోకి తెచ్చుకున్నది మన అక్కచెల్లెళ్లే. కొన్నేళ్ల కిందట ఒకరిద్దరు తంగేడు, గునుగు పూలు మోసుకొచ్చారు. ఇవాళ ఆ పండుగ వస్తే ఆఫీసుల ముందు బతుకమ్మలు వరస తీరుతున్నాయి. శరదృతువులో చేయగలిగినది వసంతంలో ఎందుకు చేయలేం?

కాబట్టి పంచుకుని మోద్దాం. మేనేజర్లారా, ఈసారి టీమ్ ఔటింగ్‌ను నాటకానికి మార్చండి. ఆ టిక్కెట్ల డబ్బు ఒక సమాజానికి ఒక పూట కూలి. తల్లిదండ్రులారా, వేసవి సెలవుల్లో ఒక్క మధ్యాహ్నం పిల్లల్ని చేర్యాల నకాషీ ఎదుట కూర్చోబెట్టండి. ఒక బొమ్మ కొనండి, బేరం ఆడకండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన యువతీ యువకులారా, నెలకొక సాయంత్రం మీ ఊరి మాటకు, మీ అమ్మమ్మ పాటకు ఇవ్వండి. ఒంటరిగా వెళ్లొద్దు, గదిలో ఉన్నవాళ్లందర్నీ లేపుకుని వెళ్లండి. ఉగాదినాడు కవిసమ్మేళనం జరిగేచోట కూడా అలాగే. తన పద్యం చదివి కవి తలెత్తి చూసినప్పుడు ఎదురుగా తోటి కవులే కాక, మనమూ కనిపించాలి.

ఈ వసంతంలో ఏదో ఒక సాయంత్రం, ఎక్కడో ఒక రంగస్థలం మీద, మొహాన రంగు పూసుకున్న మనిషి తెరకున్న కంత దగ్గరికి వచ్చి కన్ను ఆనిస్తాడు. వింగ్‌లో దారం పట్టుకున్నవాడు “ఎంతమంది?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు తెర ఇవతల ఉంది. మిత్రులారా, రండి. మొదటి గంట కొట్టకముందే వెళ్లి కూర్చుందాం. లెక్కపెట్టడం ఇక కుదరక అతను నవ్వుతూ వెనక్కి తిరగాలి.