పాసైన వాళ్ల లెక్క సరే, మధ్యలో పోయిన వాళ్ల లెక్కేది?



ఈ భాగం డిగ్రీ కాలేజీల గురించి. పెద్ద యూనివర్సిటీల గురించి కాదు, మన కొండగట్టు చుట్టూ ఉన్న చిన్న పట్టణాల కాలేజీల గురించి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల. పొద్దున పల్లెవెలుగు దిగి క్లాసుకు వచ్చి, మధ్యాహ్నం మళ్లీ బస్సు తప్పిపోతుందని ఉరికే పిల్లల కాలేజీలు. ఆ పిల్లల్లో చాలామంది వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనుషులు.

ఏటా ఫలితాలు వచ్చినప్పుడు ప్రతి కాలేజీ ఒక అంకె చెప్తుంది. ఉత్తీర్ణత శాతం. ఫ్లెక్సీ మీద అదే, పాంప్లెట్ మీద అదే. న్యాక్ ఇన్నేళ్లుగా కాలేజీలను అడుగుతున్న లెక్కలోనూ అదే ఉంది: ఫైనలియర్ పరీక్ష రాసిన వాళ్లలో ఎంతమంది పాసయ్యారు? ఒక్కసారి ఆ "రాసిన వాళ్లలో" అన్న మాట దగ్గర ఆగండి. మూడేళ్ల కింద చేరిన వాళ్లలో కాదు. రాసిన వాళ్లలో. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. వందమంది చేరారు. చివరి సెమిస్టర్‌కు నలభై మంది మిగిలారు. ముప్పై ఆరు మంది పాసయ్యారు. కాగితం మీద ఆ కాలేజీ ఉత్తీర్ణత 90 శాతం. మిగతా అరవై మంది ఫెయిల్ కూడా కాలేదు. లెక్కలోనే లేరు.

న్యాక్ ఇంకో సంగతి కూడా అడుగుతుంది. రిజర్వేషన్ సీట్లు ఎన్ని నిండాయి అని. అంటే గేటు దగ్గర ఒక కాగితం ఉంది, చివరి మెట్టు దగ్గర ఒక కాగితం ఉంది. నడుమ మూడేళ్లలో ఎవరు పోయారు, ఏ కులం పిల్లలు పోయారు, ఏ నెలలో పోయారు అన్నదానికి కాగితం లేదు. దేశం లెక్క కూడా అట్లాంటిదే. కేంద్రం వేసే ఉన్నత విద్యా సర్వేలో 2021-22కు స్థూల నమోదు నిష్పత్తి అందరికీ కలిపి 28.4 అయితే ఎస్సీలకు 25.9. తేడా పెద్దగా లేదు కదా అని కొందరు సంతోషపడతారు. కానీ నమోదు అంటే పేరు రాసుకోవడం. డిగ్రీ పట్టా చేతికి రావడం కాదు.

ఎస్సీ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకి వచ్చింది. ముప్పై ఏళ్ల కొట్లాట అది, దాన్ని తక్కువ చేసే మనిషిని కాను. కానీ వాటా వచ్చింది సీటులో. ఆ సీటులో కూర్చున్న పిల్లవాడు ఆరో సెమిస్టర్ దాకా కూర్చోగలిగాడా అని అడిగే చట్టం ఇంకా ఏదీ లేదు.

"ఫీజు లేదు, స్కాలర్‌షిప్ ఉంది, ఆడపిల్లలకు బస్సు ఫ్రీ. ఇంకేం కావాలె వీళ్లకు? చదువుకోక!" ఈ మాట స్టాఫ్‌రూముల్లో వినని ఎస్సీ లెక్చరర్ ఉండడు. దీనికి కోపంతో కాదు, నెలల వారీగా జవాబు చెప్పాలి.

మన డిగ్రీ ఫస్టియర్ క్లాసులు దోస్త్ విడతలన్నీ దాటుకుని కుదురుకునేసరికి జూలై, ఆగస్టు. అవి నాట్ల రోజులు. కోతలకు మిషన్లు వచ్చాయి గానీ నాటు చాలావరకు ఇంకా చేతుల పనే. ఇంట్లో అమ్మతో పాటు ఒక్క బిడ్డ పోతే ఆ రోజుకు రెండు కూలీలు. డిసెంబర్, జనవరిలో మళ్లీ యాసంగి నాట్లు. జనవరి నుంచి మార్చి దాకా కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పసుపు పని: తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబోసుడు. భూమి ఉన్న ఇంటి పిల్లవాడు కూడా ఆ రోజుల్లో పొలానికి పోతాడు. కానీ అతను పోకపోతే ఇంకో కూలీని పెట్టుకుంటారు. మన పిల్ల పోకపోతే ఆ కూలీ డబ్బే రాదు. ఆ పెట్టుకునే కూలీ మన పిల్లే. పేదరికం అందరిదీ ఒక్కటే అనేవాళ్లు ఈ తేడాను చూడరు.

ఇప్పుడు దీని పక్కన హాజరు నియమం పెట్టి చూడండి. స్కాలర్‌షిప్ రావాలంటే 75 శాతం హాజరు. పరీక్షకు కూర్చోవాలన్నా అదే. తగ్గితే కండోనేషన్ ఫీజు కట్టాలి, మరీ తగ్గితే సెమిస్టరే పోతుంది. డబ్బు లేక పనికి పోయింది, పనికి పోయినందుకు హాజరు పోయింది, హాజరు పోయినందుకు స్కాలర్‌షిప్ పోయింది, స్కాలర్‌షిప్ పోయినందుకు మళ్లీ పనికి పోయింది. ఈ గుండ్రాన్ని తయారుచేసిన వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. నియమం రాసేటప్పుడు వాళ్ల కళ్ల ముందున్న విద్యార్థి వేరే. ఆ విద్యార్థికి వేరే పనేమీ ఉండదు.

మగపిల్లల దారి ఇంకోటి. సెకండియర్ నడుస్తుండగా ఒకడు ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి టెన్త్ మెమో ఒరిజినల్ కావాలంటాడు. ఏదో ఉద్యోగం నోటిఫికేషన్ అనుకుంటారు. జగిత్యాల జిల్లాలో పనిచేసే వాళ్లకు తెలుసు, అది పాస్‌పోర్ట్ కోసం. ఆరు నెలలకు దుబాయ్ నుంచో మస్కట్ నుంచో ఫోటో వస్తుంది, తలకు హెల్మెట్, వెనక క్రేను. రిజిస్టర్లో అతని పేరు మీద ఎర్ర సిరాతో ఒక గీత. దాన్ని మనం "డిస్కంటిన్యూడ్" అంటాం. ఎవరు డిస్కంటిన్యూ చేశారో ఆ మాటలో ఉండదు.

సిరిసిల్లలో రాత్రి సాంచాల మీద పనిచేసి పొద్దున క్లాసులో తూగే పద్మశాలి పిల్లవాడి సంగతి కూడా ఇదే. బీడీల చాట ముందు కూర్చున్న అమ్మకు సాయం చేసి వచ్చే ముస్లిం అమ్మాయిదీ ఇదే. మన డిమాండ్ మన ఒక్కళ్లకే పనికొచ్చేది కాదని వాళ్లకూ చెప్పాలి.

స్కాలర్‌షిప్ దగ్గరికి వద్దాం. ఎస్సీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న కాలం. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో వచ్చింది. ఇప్పుడు దాని పరిస్థితి ఏందంటే, వేల కోట్ల బకాయిలు. 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు ఈ బకాయిల కోసమే బంద్ పెట్టాయి. ప్రభుత్వం బాకీ ఉన్నది కాలేజీకి. కాలేజీ పట్టుకున్నది పిల్లల మెమోలను, టీసీలను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా చదువు అయిపోయిన పిల్ల బీఈడీలో చేరడానికి టీసీ కావాలంటే "మీ రీయింబర్స్‌మెంట్ రాలే, ముందు కట్టి తీసుకపో, వచ్చినంక వాపస్ ఇస్తం" అంటారు. సర్కారు అప్పుకు జామీను ఎవరు? కూలీ బిడ్డ.

ఇంకా ఒక సంగతి, చిన్నదిగా కనిపిస్తుంది. క్లాసు మధ్యలో గుమాస్తా వచ్చి "ఎస్సీ స్కాలర్‌షిప్ పిల్లలు నిలబడండి, బయోమెట్రిక్ ఉంది" అంటాడు. నిలబడతారు. పక్కవాళ్లు చూస్తారు. జూలైలో ఒకసారి కులం దాచుకోకుండా ఎట్లా బతకాలో నేర్చుకుంటున్న పదిహేడేళ్ల పిల్లకు ఆ నిలబడటం ఏమిటో నిలబడిన వాళ్లకే తెలుసు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. నోటీసు బోర్డు మీద హాల్‌టికెట్ నంబర్లు వేస్తే చాలు. అయినా వేయరు. 2012లోనే యూజీసీ ప్రతి కాలేజీలో సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని నిబంధన తెచ్చింది. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరు? పేరు తెలిసిన వాళ్లు చెయ్యెత్తండి.

భాష గురించి తెలుగు లెక్చరర్‌గా రెండే మాటలు. తెలుగు మీడియంలో ఇంటర్ చేసిన పిల్ల బీకాం కంప్యూటర్స్‌లో మొదటి రోజు నుంచే ఇంగ్లిష్‌లో మునుగుతుంది. ఇంగ్లిష్ వద్దనే వాడిని కాదు, మనకు ఇంగ్లిష్ కావాలి. కానీ మొదటి సెమిస్టర్‌లో రెండు భాషల్లో చెప్పి, మూడో సెమిస్టర్‌కు దాటించే పద్ధతి ఎక్కడా లేదు. మొదటి సెమిస్టర్‌లో మూడు పేపర్లు పోతే, సెకండియర్‌లో ఆ బ్యాక్‌లాగ్‌లకూ కొత్త పేపర్లకూ కలిపి ఫీజు కట్టాలి. ఆ ఫీజు గడువు రోజునే చాలామంది చివరిసారి కనిపిస్తారు.

ఇవన్నీ కలిపి ఒక్కసారే సరిచేస్తే ఏమవుతుంది? ఒకచోట చేసి చూశారు. న్యూయార్క్ నగరంలో. అక్కడ కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల డిగ్రీ చెప్పే ప్రభుత్వ కాలేజీ, మన గవర్నమెంట్ డిగ్రీ కాలేజీకి చుట్టం లాంటిది. నల్లవాళ్లు, లాటినోలు, వలస వచ్చిన వాళ్ల పిల్లలు ఎక్కువ. చేరేవాళ్లు బోలెడు, పూర్తిచేసేవాళ్లు కొందరే. 2007లో ఆ నగర యూనివర్సిటీ ఏశాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. సాయం పోగా మిగిలే ఫీజు మాఫీ. పుస్తకాలకు సాయం. నగరంలో బస్సుకు, రైలుకు పనికొచ్చే కార్డు ఉచితం. వెనకబడితే ట్యూషన్. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి విద్యార్థికీ పేరు పెట్టి పిలిచే ఒక సలహాదారు. ఆ సలహాదారు కింద తక్కువ మంది విద్యార్థులు, తరచూ కలవడం తప్పనిసరి. లాటరీ పద్ధతిలో కొందరిని ఇందులోకి తీసుకుని, మిగతా వాళ్లతో పోల్చి చూశారు. మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసిన వాళ్లు మామూలు పద్ధతిలో 22 శాతం, ఈ కార్యక్రమంలో 40 శాతం. పిల్లలు అవే పిల్లలు. తెలివి అదే. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరిగింది, కానీ పూర్తయిన ఒక్కో డిగ్రీకి అయిన ఖర్చు తగ్గింది. ఎందుకంటే మధ్యలో పోయిన పిల్ల మీద పెట్టిన డబ్బు ఎవరికీ డిగ్రీ కాలేదు.

దీనికి అమెరికా దాకా పోవాల్సిన పని కూడా లేదు. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో ముంబైలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు క్లాసులు పొద్దున్నే పెట్టించాడు. ఉద్యోగం చేసుకునే పేద విద్యార్థి క్లాసు విని పనికి పోవాలని. విద్యార్థి బతుకును చూసి టైమ్‌టేబుల్ రాశాడు, టైమ్‌టేబుల్ రాసి విద్యార్థిని వెతకలేదు. తర్వాత 1950లో ఔరంగాబాద్‌లో మిళింద్ కాలేజీ వచ్చింది. ఆ ఔరంగాబాద్ అప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది, కరీంనగర్ జిల్లా ఉన్నట్టే. ఒకే రాష్ట్రంలో జరిగిన ఆ పని మన సాహిత్య చరిత్ర పాఠాల్లోకి ఎందుకు రాలేదో ఇంకో భాగంలో రాస్తాను.

బస్సు సంగతి చెప్పకుండా కొండగట్టు పేరెత్తలేను. 2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాల పోయే ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ దగ్గర లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సు పట్టేదానికన్నా చాలా ఎక్కువ మంది అందులో ఉన్నారు. మన పల్లెల్లో బస్సు అంటే ఎన్నిసార్లు వస్తుంది, ఎంతమందితో వస్తుంది అన్న రెండు ప్రశ్నలు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. మంచిదే, కూతురి చార్జీ కోసం తండ్రి చెయ్యి చూసే పని తప్పింది. కానీ మొదటి పీరియడ్ పది గంటలకు ఉండి, ఊరి బస్సు పదిన్నరకు పట్నం చేరితే ఫ్రీ టికెట్‌తో ఆ పిల్ల రోజూ ఒక క్లాసు పోగొట్టుకుంటుంది. 75 శాతంలో ఆ పీరియడ్ కూడా ఉంది. డిపో మేనేజర్‌తో మాట్లాడి బస్సు అరగంట ముందుకు జరపడమో, పీరియడ్ వెనక్కి జరపడమో ప్రిన్సిపాల్ చేయగలిగిన పని. జరిగినచోట ధర్నాతో జరగలేదు, పది మంది పిల్లలు బస్సు టైములు కాగితం మీద రాసుకుని పోతే జరిగింది.

మన ఉద్యమాల మీద కూడా ఒక మాట. 2016 జనవరి 17న రోహిత్ పోయాక మనం కేంద్ర యూనివర్సిటీల వైపు చూడటం నేర్చుకున్నాం. ఆపేసిన ఫెలోషిప్ ఒక ప్రాణం మీదికి ఎట్లా వస్తుందో దేశం చూసింది. అది అవసరం. కానీ పీహెచ్‌డీ దాకా చేరే వాళ్లలో మన పిల్లలు ఎందుకు తక్కువ అన్న ప్రశ్న కోరుట్ల డిగ్రీ కాలేజీలో మొదలవుతుంది. అక్కడ ఎవరూ చనిపోరు, ఊరికే రావడం మానేస్తారు. అందుకే అక్కడికి కెమెరాలు రావు, మనం కూడా పోము.

అందుకని నేను అడిగేది కొత్త పథకం కాదు, ముందు లెక్క. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు. తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. ప్రభుత్వ కాలేజీకైతే ప్రిన్సిపాల్ ఆఫీసుకు, ప్రైవేటు కాలేజీ సంగతి కావాలంటే శాతవాహన యూనివర్సిటీ పరీక్షల విభాగానికి రాయండి. మూడేళ్ల కింద మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టిన వాళ్లు కేటగిరీ వారీగా, ఆడ మగ వారీగా ఎంతమంది? అదే బ్యాచ్‌లో ఆరో సెమిస్టర్‌కు కట్టిన వాళ్లు ఎంతమంది? హాజరు తక్కువై ఆగిన వాళ్లు ఏ కేటగిరీలో ఎందరు? వివక్ష వ్యతిరేక అధికారిని నియమించిన ఉత్తర్వు నకలు, ఆయనకు వచ్చిన ఫిర్యాదుల సంఖ్య. ఇంతే అడగండి, ఎక్కువ అడిగితే ఆ సాకుతోనే తిప్పి పంపుతారు. విద్యార్థుల పేర్లు అడగొద్దు, అంకెలు చాలు.

ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "అట్లాంటి రికార్డు నిర్వహించబడుట లేదు" అని వస్తే దాన్ని పారేయకండి, అదే మనకు మొదటి కాగితం. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల నుంచి వచ్చిన జవాబులు నాకు పంపండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.