కర్త పేరు మూసలో ఉండరాదు



ఈ టపాలో కొంత సాంకేతికం, కొంత వ్యాకరణం ఉన్నాయి. మిగిలినది నా తప్పొప్పుకోలు. పద్యాల కోసం వచ్చినవారు మన్నించగలరు.

పోయిన శ్రావణమాసంలో నాచారం నుండి ఒక ఫోను వచ్చింది. మాట్లాడినది నాతో ఏళ్ళ తరబడి ఒకే బడిలో తెలుగు చెప్పిన మిత్రుని కూతురు. ఆయన పోయి ఆరేళ్ళయింది. "బాబాయి గారూ, నాన్నగారి పద్యాలన్నీ మీ పేరున కనపడుతున్నాయేమండీ?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

జరిగినదేమిటో చెబుతాను. ఏడాదిగా నా పాత వ్రాతలనూ, నాతో పనిచేసిన మరి ముగ్గురు పండితుల పద్యాలనూ 183 దస్త్రాలుగా చేసి, జెకిల్ అనే సాధనంతో ఒక స్థిర జాలస్థలంగా కూర్చుతున్నాను. స్థిరం అని ఎందుకన్నారంటే, ఎవరో వచ్చి తలుపు తట్టినప్పుడు అప్పటికప్పుడు వండి వడ్డించే పద్ధతి కాదిది. పుటలన్నీ ముందే తయారై ఉంటాయి. డేటాబేసు అక్కరలేదు, కనుక ఉచితంగా ఉంచుకోవడానికి చోటు సులభంగా దొరుకుతుంది. టామ్ ప్రెస్టన్-వెర్నర్ అనే ఆయన 2008లో దీన్ని చేశాడు. 1967లో ఈసీఐఎల్ ఏర్పడిన పుణ్యమా అని మా కాప్రా చుట్టుపక్కల వీధికొక ఇంజనీరు ఉంటాడు. మా పక్కవీధిలోని విశ్రాంత ఇంజనీరు ఒకరు సాయంత్రాలు వచ్చి కూర్చుని నాకు ఈ విద్య నేర్పారు.

ఇందులో ప్రతి దస్త్రానికీ నెత్తిన ఒక చిన్న పట్టిక ఉంటుంది. మూడు అడ్డగీతలతో మొదలై మూడు అడ్డగీతలతో ముగుస్తుంది. ఆ రెంటి నడుమ శీర్షిక, కర్త, తేదీ, భాష, ఛందస్సు అంటూ మనకు కావలసినవి పేరూ విలువా జంటగా వ్రాసుకోవచ్చు. ఇవే పుటకు చెందిన చరరాశులు. పుటలన్నిటికీ ఉమ్మడిగా ఉండే మూసలో, బడిపిల్లలు ఫ్లవర్ బ్రాకెట్లు అంటారే, వాటిని రెండేసి పెట్టి నడుమ 'పేజ్.టైటిల్' అని వ్రాస్తే, తయారీ వేళ ఆ చోట ఆ పుట శీర్షిక వచ్చి కూర్చుంటుంది. ఇవి కాక స్థలానికంతటికీ ఒకే అమరికల దస్త్రం ఉంటుంది. అందులోని చరరాశులు అన్ని పుటలకూ సమానం.

నేను చేసిన తప్పు విషయసూచికలో ఉంది. సూచిక కూడా ఒక పుటే కనుక దాని నెత్తిన కర్తగా నా పేరు వ్రాసుకున్నాను. పద్యాలను ఒక్కొక్కటిగా పిలిచి వరుస పేర్చే ఆవృత్తిలో 'పోస్ట్.ఆథర్' అనవలసిన చోట 'పేజ్.ఆథర్' అన్నాను. 'పేజ్' అన్నది సర్వనామం వంటిది. ఆవృత్తి ఏ పద్యం మీద తిరుగుతున్నా, అది మాత్రం ఇప్పుడు తయారవుతున్న పుటను, అంటే సూచికనే నిర్దేశిస్తుంది. అందువల్ల 183 పేర్ల ఎదుటా నేనే వెలిశాను. లోపలికి వెళ్ళి పద్యం తెరిచినవారికి సరైన పేరే కనబడుతుంది, కానీ సూచిక దాటి లోపలికి ఎందరు వెళతారు? పదకొండు రోజులు అలా ఉంది. పిల్లవాడు పక్కవాడి పలక చూసి వ్రాస్తే గోడకుర్చీ వేయించిన నేను ఏమని సమాధానం చెప్పను?

ఆ తప్పు ఒక్క మాట మార్చితే పోయింది. తీరా అన్ని పుటలూ వెదకడం మొదలుపెట్టాక, ఇంకా లోతుగా ఉన్న మరొక తప్పు బయటపడింది. దాని గురించే అసలు ఈ టపా.

ఒక పద్యానికి పెట్టిన పట్టికలో 'ఆథర్' అన్న ఇంగ్లీషు మాటకు చివర 'ఓ' పడవలసిన చోట 'ఈ' పడింది. కొత్తగా మరో చరరాశి పుట్టిందనుకుంది యంత్రం, అసలు చరరాశి ఖాళీ అయింది. తప్పని చెప్పదు, ఆగదు, అలవాటుగా అయితే ఆ చోటును మౌనంగా ఖాళీగా వదిలేస్తుంది. అదైనా నయమే, చూసినవారు ఎవరైనా అడుగుతారు. కానీ నా మూసలో 'పుటలో కర్త లేకుంటే స్థలం కర్తను వెయ్యి' అని ఒక నియమం ఉంది. స్థలం కర్త నేను! ఇంకొక విశేషం చూడండి. ఈ 'లేకుంటే' అనే నియమం, చరరాశి అసలు లేనప్పుడే కాదు, ఉండి ఖాళీగా ఉన్నప్పుడు కూడా వర్తిస్తుంది. ఎవరు చెప్పారో తెలియని నాలుగు చాటుపద్యాలకు 'కర్త' ఎదుట నేను ఉద్దేశపూర్వకంగా ఏమీ వ్రాయక వదిలాను. తెలియదు అని దాని అర్థం, నా మనసులో. యంత్రం మనసులో అది 'నీదే' అని అర్థం. తెలుగువారి చాటువుల్లో ఏది శ్రీనాథునిదో, ఏది తెనాలి రామకృష్ణునిదో, ఏది ఎవరో వారి మీద పెట్టి చెప్పినదో తేల్చలేక పెద్దలు తలలు పట్టుకున్నారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరి కూర్చడానికి ఎంత శ్రమించారో ఆ పుస్తకం తిరగేసినవారికి తెలుసు. నేను ఒక్క రాత్రిలో నాలుగు చాటువులకు తండ్రినైపోయాను.

మా ఇంజనీరుగారితో ఈ మాట అంటే ఆయన నవ్వి, "మాస్టారూ, ఒకే మాట 183 చోట్ల వ్రాయడం మా వృత్తిలో పాపం. ఒక చోట వ్రాసి అన్నిచోట్లా వాడుకోవాలి. తప్పు నియమానిది కాదు, మీ అచ్చుతప్పుది" అన్నారు. ఆయన మాటలో సత్యం ఉంది. కానీ అది పూర్తి సత్యం కాదని నా మనవి.

మన వ్యాకరణానికి ఇది కొత్త విషయమేమీ కాదు. ఉత్సర్గం, అపవాదం అని చదువుకున్నాం. క్రియాపదాల్లో ఇత్తునకు సంధి వైకల్పికం అన్నారు చిన్నయసూరిగారు. 'వచ్చిరి అప్పుడు' అన్నది వచ్చిరప్పుడు కావచ్చు, వచ్చిరియప్పుడు కావచ్చు. కానీ మధ్యమపురుష క్రియల్లో మాత్రం సంధి నిత్యం. వచ్చితివప్పుడు అనాలి. సామాన్య నియమాన్ని విశేష నియమం బాధిస్తుంది. స్థలానికి చెందిన చరరాశి ఉత్సర్గం, పుటకు చెందినది అపవాదం. హ్యూగో అనే మరో సాధనం ఉంది, 2013లో వచ్చింది. అందులో 'పరామ్' అని అడిగితే ముందు పుటలో వెదికి, లేకపోతే స్థలంలో వెదుకుతుంది. ఒక సంచిక నెత్తిన 'కాస్కేడ్' అని పెట్టి వ్రాసినది దాని కింది పుటలన్నిటికీ దిగివస్తుంది. అధికార సూత్రం, అనువృత్తి అంటే ఇదే కదా అని ఆ రాత్రి చాలాసేపు ముచ్చటపడ్డాను.

కాబట్టి ఉత్సర్గం మీద నాకు పేచీ లేదు. ఏ మూస వాడాలి అన్నదానికి ఉత్సర్గం ఉండవలసిందే. భాషకూ అంతే. మినిమా అనే ప్రసిద్ధమైన మూస ముందు పుటలో భాష ఏమిటని చూస్తుంది, తర్వాత స్థలంలో చూస్తుంది, రెండూ లేకుంటే ఇంగ్లీషు అని వ్రాసేస్తుంది. మనలో దాన్ని వాడుతున్నవారు అమరికల్లో తెలుగు అని ఒక్కసారి చెప్పకపోతే, పుటనిండా తెలుగే ఉన్నా యంత్రాలకు మాత్రం ఇది ఇంగ్లీషు పుట అని చాటుతూ ఉంటారు. చూపులేనివారు వాడే, చదివి వినిపించే సాధనాలు ఏ గొంతుతో చదవాలో ఈ గుర్తును బట్టే నిర్ణయించుకుంటాయి. వత్తులు కింది పంక్తికి తగలకుండా తెలుగుకు వేరే ఎడం పెట్టుకోవాలన్నా ఇదే ఆధారం. వెళ్ళి ఒకసారి చూసుకోండి.

నా పేచీ మూడింటితోనే. కర్త, రచనాస్థలం, రచనాకాలం. ఈ మూడింటికీ 'లేకుంటే ఇది వెయ్యి' అన్న నియమం ఉండకూడదు. భాష తప్పితే పుట వికారంగా ఉంటుంది. ఇవి తప్పితే పుట అబద్ధమాడుతుంది.

రచనాస్థలం సంగతి మా కాప్రావాసులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. విరోధి నామ సంవత్సర ఉగాదికి, అంటే 2009 మార్చి 27న, నేనొక సీసమాలిక వ్రాసి కింద 'కాప్రా, రంగారెడ్డి జిల్లా' అని సంతకం చేశాను. అన్ని రచనల కిందా అదే వస్తుంది కనుక, కొత్త స్థలం కట్టేటప్పుడు ఊరు, జిల్లా, రాష్ట్రం అమరికల దస్త్రంలో ఒకే చోట ఉంచాను. ఇప్పటి చిరునామా వ్రాశాను, సహజమే. తయారయ్యాక చూస్తే ఆ సీసమాలిక కింద 'మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా, తెలంగాణ' అని ఉంది. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. ఆ జిల్లా 2016 అక్టోబరులో పుట్టింది. నేను పద్యం వ్రాసిన నాటికి రెండూ లేవు. 2007 ఏప్రిల్లో మా పురపాలక సంఘం మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. అంతకు ముందు వ్రాసిన వ్యాసాల కింద పురపాలక సంఘం పేరు కూడా ఉండేది, అదీ తుడిచిపెట్టుకు పోయింది. ఇల్లు కదలలేదు, కుర్చీ కదలలేదు, చిరునామా మాత్రం నాలుగు విధాలుగా మారింది. ఏ రచనకు ఏ చిరునామా అన్నది ఆ రచనకే తెలియాలి గాని, ఇవాళ్టి అమరికలకు ఎలా తెలుస్తుంది? వావిళ్ళవారి పాత పుస్తకాల ముఖపత్రాల మీద చెన్నపురి అని ఉంటుంది. ఎవరైనా వాటన్నిటి మీదా చెన్నై అని దిద్దితే ఊరుకుంటామా?

కాలం విషయంలోనూ ఒక చిక్కు ఉంది. పుట అడుగున తేదీ కోసం 'సైట్.టైమ్' అని వాడితే అది స్థలం తయారైన వేళ. ఎన్నిసార్లు తయారుచేస్తే అన్నిసార్లు మీ రచన పుడుతుంది. సంవత్సర నామం వ్రాసేవారు పక్కన అంకెల్లో సంవత్సరం కూడా తప్పక వ్రాయండి. విరోధి అరవై ఏళ్ళకొకసారి వస్తుంది.

మళ్ళీ మా ఇంజనీరుగారి ఆక్షేపణకు వస్తాను. ఒకే మాట ఇన్నిసార్లు వ్రాయడం దండగ అన్నారు కదా. ఆంధ్రమహాభారతంలో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్య ఉంటుంది. కవి పేరు, ఆయన వంశమూ బిరుదులూ, గ్రంథం పేరు, పర్వం పేరు, ఆశ్వాసం సంఖ్య. తిక్కనగారు పదిహేను పర్వాలు వ్రాసి, ప్రతి ఆశ్వాసం చివరా ఆ గద్యను మళ్ళీ మళ్ళీ చెప్పారు. మారేది పర్వం పేరు, ఆశ్వాసం సంఖ్య, అంతే. మూస అంటే అదే, చరరాశులంటే అవే. అయినా 'మొదట ఒకసారి చెప్పాను కదా' అని ఆయన ఊరుకోలేదు, తాటాకు మీద గంటంతో వ్రాసుకున్న లేఖకులూ వదిలిపెట్టలేదు. తాటాకులు విడిపోతాయి. ఒక పర్వం ఒక ఊళ్ళో, ఇంకొకటి మరో ఊళ్ళో తేలతాయి. బ్రౌనుదొర వ్రాతప్రతుల కోసం ఊరూరా వెదికించినప్పుడు, ఏ కట్టలో ఏ గ్రంథం ఉందో చెప్పగలిగింది ఇటువంటి గద్యలే. దస్త్రాలూ విడిపోతాయి. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు ఎవరికి చిక్కిన పుటను వారు దాచుకున్నారు. నా మిత్రుని పద్యం ఒక్కటే ఎవరి దగ్గరికో చేరినప్పుడు, దాని నెత్తిన ఆయన పేరుంటే ఆయనదే. నా అమరికల దస్త్రంలో ఉంటే, అది నాతోనే ఉండిపోతుంది.

ఒక పుటకు ఇద్దరు కర్తలుంటే ఏమిటని మీరు అడగవచ్చు. అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసం మధ్యలో నన్నయగారు ఆగిపోగా ఎఱ్ఱనగారు అందుకున్నారు. దాని మీద వ్యాసమొకటి పెడుతూ, పరీక్షగా 'కర్త' ఎదుట ఆ ఇద్దరి పేర్లనూ జాబితాగా వ్రాసి చూశాను. మూస దాన్ని 'నన్నయఎఱ్ఱన' అని ఎడం లేకుండా ముద్రించింది! సంధి కూడా చేయలేదు. జాబితా అయితే నడుమ ఏమి పెట్టి కలపాలో 'జాయిన్' అని మనమే చెప్పాలట. శీర్షికలో న్యూనబిందువు వాడేవారు శీర్షికంతటినీ ఉద్ధరణ చిహ్నాల్లో పెట్టండి. రెండు చుక్కలూ ఎడమూ కనబడితే ఆ పట్టిక మరో జంట మొదలైందనుకుని అలుగుతుంది. ఆ అలక మంచిది, కనీసం తప్పని చెబుతుంది.

ఇప్పుడు నా మూసలో కర్తకు ఉత్సర్గం లేదు. కర్త పేరు లేని పుట తయారైతే, ఆ చోట ఎర్రటి అక్షరాలతో 'కర్త పేరు వ్రాయలేదు' అని పడుతుంది. ఇంజనీరుగారే వ్రాసిపెట్టారు, పెదవి విరుస్తూనే. నిర్వచించని చరరాశి కనబడితే తయారీని ఆపేయమని చెప్పే అమరిక కూడా ఉందట. నా వయసుకు ఎర్ర సిరా చాలు, ముప్పై అయిదేళ్ళు దానితోనే బతికాను.

183 పట్టికల్లో కర్త, స్థలం, కాలం చేత్తో నింపడానికి మూడు వారాలు పట్టింది. మిత్రుని పద్యాలు 41. ఆయన పేరు ఎలా వ్రాయమంటావమ్మా అని కూతురిని అడిగాను. ఇంటిపేరు పొట్టిఅక్షరంగా కాక పూర్తిగా, ఆయన సంతకం చేసే తీరున వ్రాయమంది. పద్యాల కింద ఊరు నాచారం అని వేయబోతే, కాదు, వాటిలో పన్నెండు ఆయన ఉప్పల్లో అద్దెకున్నప్పుడు వ్రాసినవని చెప్పింది. నాకు ఆ సంగతి తెలియదు. ఆ పన్నెండింటికీ ఉప్పల్ అని వేశాను.

నాలుగు చాటువుల పట్టికల్లో మాత్రం కర్త ఎదుట 'తెలియదు' అని ఉంది, ఖాళీగా వదలకుండా అక్షరాలా వ్రాశాను. నాలుగూ నా చిన్నతనంలో మా గురువుగారి నోట విన్నవి. పుటలు చూసి, ఎవరివో ఆధారంతో చెప్పగలవారు దయచేసి వ్యాఖ్యలో వ్రాయండి.