ఒకే గుండిగ, ఒకే బంతి: మన విందు మనమే వండుకుందాం

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా, గాజియాబాద్, ఫరీదాబాద్ తెలుగువారికి విజ్ఞప్తి



ఉగాదికి, వినాయక చవితికి, బతుకమ్మకు, కార్తీక వనభోజనాలకు, సంక్రాంతికి మనం కలుస్తూనే ఉన్నాం. ఏ కాలనీలోనైనా సంఘం కూర్చోగానే వచ్చే మొదటి ప్రశ్న "ప్లేటు ఎంతట?" కేటరింగ్ వాళ్ళు చెప్పిన ధరను తలల లెక్కతో హెచ్చవేస్తాం. చందాలో సింహభాగం అక్కడికే పోతుంది. ఆ చందా కట్టలేని డ్రైవరు, నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడు, ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఇరుకు గది పంచుకుని సివిల్స్‌కు చదువుతున్న అమ్మాయి పండగ పూట రాకుండా ఉండిపోతారు. ఊరు విడిచి వచ్చినవాళ్ళకు పండగ భోజనం ఎంత అవసరమో మనకు తెలుసు. ఆ అవసరం ఎక్కువగా ఉన్నవాళ్ళే మన బంతిలో లేరు.

అందుకే ఈ కరపత్రం. మన విందులు మనమే వండుకుందాం. అందుకు కావలసిన పాత్రలు, పొయ్యిలు అన్ని సంఘాలూ కలిసి ఒకచోట సమకూర్చుకుందాం. మిగిలిన డబ్బుతో నెలకో ఆదివారం ఎయిమ్స్ దగ్గర రోగుల బంధువులకు అన్నం పెడదాం.

అశోకా రోడ్డు చెప్పే పాఠం

అశోకా రోడ్డులో ఇండియా గేట్ వైపు ఆంధ్ర భవన్ ఉంది. అక్కడి తెలుగు భోజనం కోసం ఢిల్లీ అంతా వరస కడుతుంది. అదే రోడ్డు రెండో కొసన, గోల్ డాక్‌ఖానా దగ్గర, గురుద్వారా బంగ్లా సాహిబ్ ఉంది. అక్కడ రోజూ వేలమందికి లంగర్ అనే ఉచిత భోజనం నడుస్తుంది. పేరు అడగరు, డబ్బు అడగరు. పప్పు, కూర, రొట్టె, వీలైనప్పుడు ఖీర్ పెడతారు. వంటకాలు తక్కువ కాబట్టి సరుకు వృథా కాదు. పిండీ పప్పూ భక్తులు ఇస్తారు. కూరలు తరగడం, రొట్టెలు ఒత్తడం, వడ్డించడం, అంట్లు తోమడం వచ్చినవాళ్ళే సేవగా చేస్తారు. గురునానక్ నెలకొల్పిన ఈ ఆచారాన్ని రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ ఎంత ఆదరంగా నడిపారో గురుగ్రంథ సాహిబ్‌లోనే ఉంది. 2020 నవంబరు చివరి నుంచి 2021 డిసెంబరు దాకా సింఘు, టిక్రీ, గాజీపూర్ ఢిల్లీ సరిహద్దుల్లో సాగు చట్టాలకు వ్యతిరేకంగా కూర్చున్న రైతులను ఏడాదిపాటు ఎముకలు కొరికే చలిలోనూ మండుటెండలోనూ నిలబెట్టింది ఆ పద్ధతే.

ఇలా అందరికీ అన్నం పెట్టడం మనకు కొత్తదేమీ కాదు. కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా చూడకుండా బాటసారుల ఆకలి తీర్చారు. తిరుమలలో 1985లో, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, నిత్యాన్నదానం రోజుకు 2,000 మందితో మొదలైంది. విరాళాలను మూలధనంగా ఉంచి, వడ్డీతో ఖర్చు నడిపే ఏర్పాటు ఉండబట్టే అది ఇంతగా పెరిగింది.

"ప్రభుత్వాలు పెడుతున్నాయి కదా" అని కొందరు అనవచ్చు. పెట్టాలి కూడా. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2018 జులైలో 5 రూపాయల భోజనంతో తెరిచిన అన్న క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారగానే మూతపడ్డాయి. మళ్ళీ ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టులో గాని తెరుచుకోలేదు. పదిమందీ తమదనుకుని నడిపే వంటశాలకు ఎన్నికలతో పనిలేదు.

ఖర్చు లెక్క

బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి పూటకు 150 గ్రాముల ధాన్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె లెక్క కట్టారు. ధాన్యం కాక మిగతా వంట ఖర్చుకు 2025 మేలో ఖరారు చేసినది 10 రూపాయల 17 పైసలు. ఈ కొలతలో ధాన్యం అంతే ఉంచి, మిగతావి పెద్దలకు తగినట్టు పెంచి, వందమందికి ఉజ్జాయింపుగా పట్టీ వేద్దాం. ధరలు మీ బజారుతో సరిచూసుకోండి.

- బియ్యం 15 కిలోలు, కిలో 50 చొప్పున: 750 రూపాయలు
- కందిపప్పు 4 కిలోలు, కిలో 130 చొప్పున: 520
- కూరగాయలు 15 కిలోలు, కిలో 40 చొప్పున: 600
- నూనె కిలోన్నర, కిలో 160 చొప్పున: 240
- మజ్జిగకు పాలు 8 లీటర్లు, లీటరు 65 చొప్పున: 520
- చింతపండు, మిర్చి, పోపు దినుసులు, ఉప్పు, బెల్లం: 270
- గ్యాసు, మంచినీళ్ళు: 500

మొత్తం 3,400 రూపాయలు. అంటే మనిషికి 34. వంటమనిషికి, సహాయకుడికి కలిపి 2,500 కూలి, విస్తళ్ళకు 300 కలిపినా 6,200. మనిషికి 62 పడుతుంది. పండగ అని పాయసం చేస్తే మరో 10 వేసుకోండి. మంది పెరిగేకొద్దీ కూలి భారం తలకింతని తగ్గుతుంది. మీ సంఘం పోయినసారి ప్లేటుకు ఎంత ఇచ్చిందో దీని పక్కన పెట్టి చూడండి.

చౌకగా, రుచిగా ఎలా?

సరుకు మూలం దగ్గర కొనాలి. కూరగాయలకు ఆజాద్‌పూర్, గాజీపూర్, ఓఖ్లా మండీలు, బియ్యం పప్పులకు నయా బజార్, దినుసులకు ఖారీ బావలీ ఉన్నాయి. నాలుగు సంఘాలు కలిసి బస్తాల్లో కొంటే చిల్లర ధర కట్టక్కర్లేదు.

ఇక్కడ పండేదే వండాలి. చలికాలంలో ముల్లంగి, పాలకూర, క్యారెట్, బఠాణీ, కాలీఫ్లవర్ కారుచౌక. ఎండాకాలంలో సొరకాయ, గుమ్మడికాయ. గోంగూర కోసం ఊరంతా తిరిగి రెట్టింపు ధర పెట్టేకంటే పాలకూర పప్పులో చింతపండు కాస్త ఎక్కువ వేస్తే పిల్లలు కూడా మారు అడుగుతారు. అన్నం, ముక్కలు దండిగా వేసిన పప్పుచారు, ఒక కూర, రోటి పచ్చడి, మజ్జిగ చాలు. పన్నెండు రకాలు పెట్టి సగం విస్తట్లో వదిలేయించడం మర్యాద అనిపించుకోదు.

గురుగ్రామ్, నోయిడా బోరు నీళ్ళలో ఉప్పదనం, గట్టిదనం ఎక్కువ. ఆ నీళ్ళలో పప్పు ఓ పట్టాన ఉడకదు, గ్యాసు ఖర్చవుతుంది. మంచినీళ్ళు వాడి, పప్పును ముందే గంటసేపు నానబెట్టండి. అన్నం ఒక్కసారే వండకుండా మూడు విడతలుగా వండాలి. రెండో విడత దిగేసరికి ఎంతమంది వచ్చారో తెలుస్తుంది. మూడోది అవసరమైతేనే ఎసట్లో పోయాలి. చాలదేమోనన్న భయంతో ఎక్కువ వండి పారబోయడం ఇలా తప్పుతుంది.

చలికాలంలో కాలుష్య ఆంక్షలుండే ఊరిది. కట్టెల గాడిపొయ్యి వద్దు, వాణిజ్య సిలిండరుతో పెద్ద గ్యాసు పొయ్యిలే పెట్టుకుందాం.

శుభ్రతలో రాజీ వద్దు

2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో పురుగుమందు కలిసింది. సరుకు గది తాళం, నూనె డబ్బా ఎక్కడిదన్న ఆరా, వడ్డనకు ముందు పెద్దలు రుచి చూడడం, ఇవన్నీ ప్రాణాలకు సంబంధించిన విషయాలు. వండినది 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలి, లేదా రెండు గంటల్లోపు వడ్డించేయాలి. ఢిల్లీ ఎండలో మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రికి ఎవరికీ పంచకూడదు. బయట గంటల తరబడి వదిలేసిన అన్నంలో పుట్టే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మనం తినకూడనిది పేదవాడికీ పెట్టకూడదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు ముందే చేయించుకుందాం.

కులానికో గుండిగ వద్దు

ఒక మాట సూటిగా చెప్పాలి. ఉసిరి చెట్టు కింద ఊరంతా కలిసి తినాల్సిన కార్తీక వనభోజనాలు ఏటేటా కులాలవారీగా చీలిపోతున్నాయి. మన రాష్ట్రాల్లో మొదలైన ఈ జాడ్యం మనతోపాటు ఇక్కడిదాకా వచ్చింది. పరాయి ఊరిలో ఉన్నదే గుప్పెడుమందిమి. ఉమ్మడి వంటశాలలో వండేవారి కులం, తినేవారి కులం అడగకూడదు. వేరే బంతి ఉండకూడదు. అలాగే వంట ఆడవాళ్ళకు, మైకు మగవాళ్ళకు అన్న పంపకం కూడా పోవాలి. తరగడం, వార్చడం, అంట్లు తోమడం అందరి పని.

ఎయిమ్స్ దగ్గర ఎదురుచూసేవాళ్ళు

తెలుగు రాష్ట్రాల నుంచి, దేశం నలుమూలల నుంచి ఎయిమ్స్‌కు, సఫ్దర్‌జంగ్‌కు జబ్బుతో వచ్చేవాళ్ళ వెంట ఒకరో ఇద్దరో తోడు వస్తారు. పరీక్షల తేదీ కోసం రోజుల తరబడి కాలిబాటల మీద, రైన్ బసేరాల్లో (రాత్రి ఆశ్రయాల్లో) గడుపుతారు. మందులకు పోగా మిగిలిన డబ్బుతో తింటారు, లేదంటే మానేస్తారు. భాష రాని ఊరిలో తెలుగులో "అన్నం తిన్నారా?" అని ఒకరు అడిగితే వాళ్ళకు ఎంత ధైర్యమో! తెలుగువారికే అని గీత గీయొద్దు. బంతిలో కూర్చున్న ప్రతి ఒక్కరూ మన అతిథే.

మేం కోరుతున్నది

1. ప్రతి సంఘం ఏడాదిలో కనీసం ఒక విందును కేటరింగ్ లేకుండా తానే వండాలి.
2. గుండిగలు, గంగాళాలు, పొయ్యిలు, గరిటెలు సంఘాలన్నీ కలిసి కొని ఒకచోట ఉంచాలి. అడిగిన సంఘానికి అద్దె లేకుండా ఇవ్వాలి.
3. పెద్ద వంటమనిషిని కూలి ఇచ్చి పెట్టుకోవాలి. సేవ పేరుతో ఆ శ్రమను ఉచితంగా వాడుకోకూడదు.
4. చందా కట్టలేనివారికి బంతిలో చోటు హక్కుగా ఉండాలి. ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో భోజనాల దగ్గర ఎవరికీ తెలియకూడదు.
5. పైసాతో సహా ఖర్చు వారంలోపు అందరికీ చూపాలి.
6. మిగులును విడి ఖాతాలో వేసి, స్థానిక అనుమతులతో నెలకో ఆదివారం ఎయిమ్స్ దగ్గర భోజనం పెట్టాలి. భోజనాలయ్యాక ఆ చోటును మనమే శుభ్రం చేయాలి.

తీరిక లేదన్న మాట నిజమే. ఆఫీసులు దూరం, మెట్రోలో రాకపోకలకే గంటలు పోతాయి. కానీ ఇద్దరు సరుకు తెచ్చి, పదిమంది పొద్దున్నే రెండు గంటలపాటు తరిగి, మరో పదిమంది వడ్డిస్తే, ఇంకొందరు అంట్లు తోమితే ఏ ఒక్కరి మీదా భారం పడదు.

మీ సంఘం వచ్చే సమావేశంలో ఈ ఆరు అంశాలూ చదివి వినిపించండి. ఒప్పుకుంటే తీర్మానం రాయండి. ఒప్పుకోకపోతే పదిమంది కలిసి వందమందికి ఒక్క పూట వండి చూపించండి. వచ్చే కార్తీకానికి ఎన్‌సీఆర్ తెలుగువారంతా ఒకే బంతిలో కూర్చోవాలి. ఆ పని ఈ నెలలోనే, మీ కాలనీలోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ తోటి తెలుగువారు