గ్యాసు మాకు, పాఠం మీకా?

ఆటోనగర్‌లో పెరిగిన గుంటడికి కెమిస్ట్రీ అంటే కొత్త కాదు. వెల్డింగ్ షెడ్డులో కార్బైడు ముక్కలు నీళ్లలో పడితే గ్యాసు పుడుతుందని, అది వెల్లుల్లి కంపు కొడుతుందని వాడికి ఆరేళ్లకే తెలుసు. బ్యాటరీ షాపులో యాసిడ్‌ని నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి గానీ, నీళ్లు తెచ్చి యాసిడ్‌లో పోస్తే మొహాన చిమ్ముతుందని తెలుసు. వాళ్ల నాన్న చేతి మీద మచ్చే వాడికి పాఠం. లారీ బాడీలకు కొట్టే రంగులో థిన్నరు తలకెక్కితే మనిషి ఎలా తూలతాడో కూడా తెలుసు. తెలియనిది ఒకటే. దీన్నే కెమిస్ట్రీ అంటారని, ఇది చదివినోడికి తెల్లకోటు, ఏసీ గది, పెద్ద జీతం వస్తాయని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మా చేతిలో పుస్తకాన్నేమో కత్తిరించేశారు.

మేము ఈ చుట్టుపక్కల సర్కారు బడిలో సైన్సు చెప్పేవాళ్లం. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది మేమే మొదలు. ఆ చూడటం ఎలా చూశామో కూడా చెప్పాలి. మా బీఎస్సీ రోజుల్లో పిపెట్‌ని నోటితో పీల్చేవాళ్లు. బల్లకి ఒకటే పిపెట్. మేము పీల్చాక పక్క కుర్రాడు దాన్ని మూడుసార్లు కడిగేవాడు. కొన్నాళ్లకు మా వంతు చివరికి జరిగిపోయింది. గంట కొట్టేసరికి మా చేతికి వచ్చేది పిపెట్ కాదు, పక్కోడి రీడింగులు. రికార్డులో అవే ఎక్కించుకున్నాం. యాసిడ్‌కి కాలని నోరు మా ఎంగిలికి కాలిపోతుందట! ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఇది చదివేవాళ్లలో చాలామంది అలాంటి కాలేజీలోనే చదివుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. 2022లో ఢిల్లీ ఎన్‌సీఈఆర్‌టీ పెద్దలు పిల్లల మీద బరువు తగ్గిస్తున్నామని చెప్పి పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి రెండు పాఠాలు లేపేశారు. ఒకటి మూలకాల ఆవర్తన వర్గీకరణ. రెండోది జీవపరిణామం. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు 2023లో ఇది తప్పని సంతకాలు చేశారు. వినలేదు. మన రాష్ట్రం 2024-25లో పదో తరగతికి ఆ పుస్తకాలే తెచ్చుకుంది. అంతకు ముందు మన తెలుగు పుస్తకంలో మెండలీఫ్ ఉండేవాడు, డార్విన్ ఉండేవాడు. ఇద్దరికీ టీసీ ఇచ్చి పంపేశారు.

అడిగితే ఏమన్నారు? ఆ పాఠాలు పై తరగతుల్లో ఉన్నాయి కదా అన్నారు. అయ్యా, పై తరగతి ఎవరికి? ఎంపీసీ, బైపీసీ తీసుకుని కార్పొరేట్ కాలేజీలో లక్షలు కట్టేవాళ్లకి. మా పిల్లల్లో ఎంతమందికి చదువు పదితోనే ఆఖరు! ఆడపిల్ల అయితే పెళ్లి, మగపిల్లాడు అయితే ఐటీఐ, లేదంటే పరవాడలోనో అచ్యుతాపురంలోనో హెల్పరు పని. "మేస్టారూ, పది పాసైతే ఫార్మా కంపెనీలో తీసుకుంటారంట కదా" అని అడుగుతారు. తీసుకుంటారు. రియాక్టరు కడగటానికి, డ్రమ్ములు దొర్లించటానికి. పదితో ఆగిపోయేవాడికి పాఠం తీసేసి, పైకి పోయేవాడికి ఉంచటాన్ని సిలబస్ తగ్గించటం అంటారా? ఇది పాత గురుకులమే. ద్రోణాచార్యుడు బొటనవేలు అడిగి తీసుకున్నాడు. వీళ్లు అడక్కుండానే పేజీ చించుకున్నారు.

పాఠం పోతే ఏం పోతుంది అంటారా? లెక్క చెబుతాం, వినండి. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చచ్చిపోయారు. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. స్టైరీన్ అంటే 8 కార్బన్లు, 8 హైడ్రోజన్లు. ఆవర్తన పట్టికలో కార్బన్ 12, హైడ్రోజన్ 1. ఎనిమిది పన్నెండ్లు 96, దానికి 8 కలిపితే 104. మనం పీల్చే గాలి సగటు 29. అంటే ఆ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది, పల్లంలో నిలబడుతుంది. కాబట్టి పల్లంలోకి పోకూడదు. గాలి వీచే దిక్కున పరిగెత్తకూడదు, దానికి అడ్డంగా పోవాలి, మెరక ఎక్కాలి. ఇది పదో తరగతి లెక్క. గోడ మీద ఒక పట్టిక, చెప్పే టీచరు ఒకడు ఉంటే చాలు.

లెక్క రాక జనం చచ్చారని మేము అనటం లేదు. ట్యాంకుని చల్లబరిచే యంత్రాన్ని రాత్రిపూట నడపలేదని, ట్యాంకు పైభాగంలో వేడి ఎంతుందో కొలిచే ఏర్పాటే లేదని, సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే తేల్చింది. నేరం అక్కడ ఉంది. కానీ ఆ నేరాన్ని నిలదీయాలన్నా లెక్క మనకి వచ్చి ఉండాలి కదా! అదే ఏడాది జూన్ ఆఖర్లో పరవాడలో హైడ్రోజన్ సల్ఫైడుకి ఇద్దరు పోయారు. ఆ గ్యాసు మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారిపోతుంది, కుళ్లిన గుడ్ల కంపు ఆగిపోతుంది. కంపు పోయింది కదా అనుకున్నవాడు పోతాడు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ద్రావణి కారి, ఆవిరై, అంటుకుని పేలితే 17 మంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ఒక మాట చేర్చారు. లోపల వాడే సరుకు ఏం ప్రమాదమో పనివాళ్లకీ చుట్టుపక్కల జనానికీ యజమాని చెప్పాలని. చెప్పగా ఎవరన్నా విన్నారా? మా వాడలో ఒక్క గోడ మీదన్నా తెలుగులో రాశారా?

కెమిస్ట్రీ మీకు పట్టుబడదులే అంటారు కొందరు. ఎవరికి పట్టుబడదు? పచ్చి తోలుని సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో ఊరబెట్టి, కుళ్లిపోయే చర్మాన్ని ఏళ్ల తరబడి నిలిచే చెప్పుగా మార్చినవాడు మాదిగ. చెక్కలోని టానిన్ తోలులోని ప్రోటీన్‌ని పట్టుకుని గట్టిపరుస్తుందని ఇవాళ పుస్తకాలు చెబుతున్నాయి. ఆ పని వందల ఏళ్లు చేసి చూపించింది మా తాతలు. చచ్చిన గొడ్డుని కోసి గుండె ఏదో కాలేయం ఏదో చూసింది మేము. కాన్పులు చేసింది మా అమ్మమ్మలు. ముట్టుకోకుండా దూరంగా కూర్చుని మంత్రం చదివినవాడు పండితుడయ్యాడు, ముట్టుకుని తెలుసుకున్నవాడు అంటరానివాడయ్యాడు. పని చేసే చేతిని, ఆలోచించే తలని కులం విడదీసింది కాబట్టే ఈ దేశంలో శాస్త్రం ఎండిపోయిందని ప్రఫుల్ల చంద్ర రే వందేళ్ల కిందటే రాశాడు. ఆయన మా కులపోడు కాదు, పెద్ద కెమిస్టు.

డార్విన్‌ని ఎందుకు తీసేశారో మాకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఒకడు ముఖంలోంచి, ఇంకొకడు పాదంలోంచి పుట్టాడన్న కథకి డార్విన్ ఒక్క పాఠంలో జవాబు చెప్తాడు. ఆ పాదంలో కూడా మాకు చోటు లేదనుకోండి. 2013లో మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డు వాళ్లు కలిసి జన్యువులు పరీక్షించి ఏం చెప్పారు? సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశపు జనం అంతా కలగలిసిపోయారని, ఆ తర్వాతే ఎవరికి వాళ్లు తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవటం మొదలెట్టారని. కులం అంటే తమలో తామే పెళ్లి చేసుకోవటమేనని బాబాసాహెబ్ 1916లోనే కొలంబియాలో చదివిన వ్యాసంలో చెప్పాడు. రక్తం అదే మాట చెప్పటానికి 97 ఏళ్లు పట్టింది. ఈ పాఠం పదో తరగతిలో చెబితే ఎవరి కొంప మునుగుతుంది?

బయటి దేశాల సంగతి చూడండి. కోవిడ్ టీకాలకి దారి వేసిన పరిశోధనకి 2023లో నోబెల్ తీసుకున్న కాటలిన్ కరికో ఎవరు? హంగరీలో ఒక కసాయి కూతురు. కుళాయి లేని ఇంట్లో పెరిగింది. 2025లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ఒమర్ యాఘీ ఎవరు? పాలస్తీనా కాందిశీకుల కొడుకు. అమ్మాన్‌లో పశువులతో కలిసి ఒకే గదిలో ఇంటిల్లిపాదీ బతికారు, అమ్మానాన్నలకి చదువు అంతంతమాత్రం. సన్న రంధ్రాల పదార్థాలు తయారుచేసి ఎడారి గాలిలోంచి నీళ్లు పట్టాడు. అలాంటి పదార్థాలతోనే విషవాయువుల్నీ పట్టొచ్చంటున్నారు. విశాఖపట్నానికి ఇంతకంటే కావలసిన చదువు ఏముంది?

ఇక్కడ కసాయి కూతుళ్లు, గొడ్లతో పడుకున్న కొడుకులు లేరా? వాడవాడకీ ఉన్నారు. ల్యాబు తలుపే తెరుచుకోదు. మొదటి వరస ఐఐటీలు ఐదింటిలో ప్రొఫెసర్లు 98 శాతం పై కులాలవాళ్లేనని 2023లో నేచర్ పత్రిక లెక్క తేల్చింది. జీవశాస్త్రం చదివి, శాస్త్ర రచయిత కావాలని కలగన్న మా రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో ఉరికి వేలాడాడు. ఇంకా మెరిట్ అంటారా?

మా తప్పు కూడా ఒప్పుకుంటాం. బడిలో సైన్సు బీరువా తాళం మా దగ్గరే ఉంటుంది. గాజు సామాను పగిలితే మా జీతంలో కోస్తారని తాళం తీయని టీచర్లం మేము కూడా. పాఠం వదిలి బిట్లు బట్టీ పట్టించిన పాపం మాకూ ఉంది. మా పిపెట్ కడిగినవాడికీ, పిపెట్‌నే బయటికి తీయని మాకూ తేడా ఏముంది? అందుకే మొదట ఆ తాళం తీస్తున్నాం. తీసేసిన రెండు పాఠాలూ పుస్తకంలో ఉన్నా లేకపోయినా నల్లబల్ల మీద చెబుతున్నాం.

ప్రభుత్వాన్ని అడిగేవి ఇవి. పదో తరగతిలో ఆ రెండు పాఠాలు తిరిగి పెట్టాలి. ప్రతి సర్కారు బడికీ, సంక్షేమ హాస్టలు పిల్లలు చదివే ప్రతి బడికీ నిజంగా వాడే ల్యాబు ఉండాలి, పగిలిన గాజుకి టీచరు జీతం కోయకూడదు. ప్రతి ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న బడిలో, ఆ ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఉందో, అది కారితే ఎటు పరిగెత్తాలో తెలుగులో పాఠం చెప్పాలి, గోడ మీద రాయాలి. పరిశోధన ఫెలోషిప్పులు నెలనెలా ఇవ్వాలి, ఖాళీగా ఉంచిన రిజర్వుడు ప్రొఫెసర్ పోస్టులు నింపాలి.

అన్నలారా, అక్కలారా! పిల్లాడు పది పాసయ్యాడని హెల్పరు పనికి పంపేముందు ఒక్కసారి బడికి రండి. మా పిల్లకి స్టైరీన్ బరువెంతో చెప్పారా అని మమ్మల్ని అడగండి. చెప్పకపోతే మమ్మల్ని నిలదీయండి. ఈ ఊళ్లో గ్యాసు మన ఊపిరితిత్తుల్లోకి వచ్చేటప్పుడు కులం చూసి ఆగలేదు. మన పిల్లలు ల్యాబులోకి వచ్చేటప్పుడు మాత్రం ఎవరు ఆపుతారో చూద్దాం.

జై భీమ్!