పిలవని పేరంటం

మొన్న అక్టోబరులో అమెరికాలోని మా ఫ్రిస్కో తెలుగు ఆడవాళ్లం ముప్ఫై ఇద్దరం గులాబీ రంగు చీరలు కట్టుకుని ఫొటో దిగాం. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలట. ఆ జబ్బు నిజంగా వచ్చిన మనిషి మాత్రం అందులో లేదు. మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉంటుంది.

అప్పటికి ఆవిడకి ఆపరేషనై ఐదో రోజు. చంక కింద నుంచి వేలాడే రెండు డ్రెయిన్లు, చివర కోడిగుడ్డంత బుడ్డీలు. వాటిలో చేరిన ఎర్రనీళ్లు ఎన్ని మిల్లీలీటర్లో చూసి, కాగితం మీద రాసి, బాత్రూమ్‌లో పారబోసుకోవాలి. చెయ్యి పైకి లేవదు. భర్త ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. అమ్మకి వీసా రాలేదు.

"ఆవిడ చెప్పలేదుగా, వాళ్ల ప్రైవసీ" అంటారు మావాళ్లు. ఆహా! కొత్త కోడలి నగల తూకం అడిగే నోళ్లకి ఇక్కడే ప్రైవసీ గుర్తొచ్చింది. ఎందుకు చెప్పలేదో తెలియదా? ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది. "వాళ్లమ్మకి ఆ జబ్బటగా" అని ఆరా తీసేది మనమే కదా. అమెరికాలో ప్రతి ఎనిమిది మంది ఆడవాళ్లలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జబ్బిది. ఆ ఫొటోలో ఎందరి వంతో లెక్కేసుకోండి.

ఈ ఒంటరితనం కొత్తదేం కాదు. 1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆవిడకి ఇదే జబ్బుతో రొమ్ము తీసేశారు. తర్వాత చెయ్యి ఎలా కదపాలో, జాకెట్లో ఏం పెట్టుకోవాలో చెప్పే దిక్కు లేదు. తనే నేర్చుకుని, బంతీ తాడుముక్కా పట్టుకుని, ఆసుపత్రి మంచాల దగ్గరికి వెళ్లి కూర్చుంది. సర్జన్లు చిరాకుపడ్డారు. అచ్చంగా పిలవని పేరంటమే! అలా మొదలైందే 'రీచ్ టు రికవరీ' కార్యక్రమం. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తనలో కలుపుకుంది. తోటి రోగులతో కలిసి కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని 1989లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్ డేవిడ్ స్పీగెల్ బృందం చెప్పింది తర్వాతి పరిశోధనల్లో నిలవలేదు. దిగులు, నొప్పి తగ్గుతాయన్నది నిలిచింది. చాలదూ?

అలా వెళ్లి కూర్చోవడం మనకి చేతకాక కాదు. ఎవరైనా పోతే శవాన్ని హైదరాబాదు పంపడానికి రాత్రికి రాత్రి డాలర్లు పోగేస్తాం. కాన్పయితే వంతులేసుకుని క్యారేజీలు పంపుతాం. బతికుండి భయపడుతున్న మనిషి పక్కన కూర్చోవడానికే ఒక్క శనివారం దొరకదు.

ఆ ఫొటోలో నేనూ ఉన్నాను, ముందు వరుసలో. డిసెంబరులో పప్పుచారు గిన్నె పట్టుకుని వెళ్లాను. ఆవిడ తలుపు ఓరగా తీసి, గుండెల మీద చున్నీ సర్దుకుంటూ అడిగింది:

"మీకెవరు చెప్పారక్కా?"